వైపర్ కనిపెట్టినావిడకి పైసా ఎందుకు రాలేదు? వందేళ్ళ నాటి పేటెంట్ల లెక్క

మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఈమధ్య ఒక పాత బొమ్మ తెగ తిరుగుతోంది. ట్రామ్ ముందద్దం, దాని మీద వాలిన ఒక కర్ర చెయ్యి, దాన్ని లోపల్నించి తిప్పడానికో పిడి. "కారు వైపర్ కనిపెట్టింది ఈ అమెరికా మహిళే, 1903లోనే పేటెంట్ తీసుకుంది, కార్ల కంపెనీలు ఆవిడ ఐడియా కొట్టేసి కోట్లు సంపాదించాయి, ఆవిడకి మాత్రం పైసా ఇవ్వలేదు, పదిమందికీ షేర్ చెయ్యండి" అని కింద రాసుంది. మా బాబాయ్ దానికి దణ్ణం ఎమోజీ పెట్టి, "పేటెంట్ చేతిలో ఉండగా ఎలా కొట్టేశార్రా?" అని నన్నడిగాడు.

ప్రశ్న మంచిదే. ఫార్వర్డ్‌లో ముప్పావు వంతు నిజమే మరి. ఆవిడ పేరు మేరీ ఆండర్సన్, ఊరు అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్, పేటెంట్ నంబరు 7,43,801, తేదీ 1903 నవంబర్ 10. పైసా రాలేదన్నదీ నిజమే. "కొట్టేశారు" అన్న ఒక్క ముక్కే తేడా. అదెందుకు తేడానో చెప్పాలంటే, ఆ రోజుల్లో రేజర్ బ్లేడు, వాక్యూమ్ క్లీనర్, టోస్టర్, జిప్ లాంటి ఇంటి సామాన్లకి పేటెంట్లు ఎలా ఇచ్చేవాళ్ళు, వాటితో ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యలేం అన్నది కాస్త ఓపిగ్గా చూడాలి.

## ముందు మాట తేల్చుకుందాం: ఏది పేటెంట్, ఏది కాదు

మనం ఈ మాటని చాలా ధారాళంగా వాడేస్తాం. "ఆ మేనరిజానికి ఆయనకే పేటెంట్" అంటాం, తిరుపతి లడ్డూకి పేటెంట్ వచ్చిందంటాం, ఎవడైనా ట్యూన్ ఎత్తేస్తే పేటెంట్ కేసు వెయ్యమంటాం. ఇవేవీ పేటెంట్లు కావు. లడ్డూకి 2009లో వచ్చింది జీఐ ట్యాగ్, అంటే ఫలానా చోటికి చెందిన సరుకు అని గుర్తింపు. పాటకి ఉండేది కాపీరైట్. పేరుకీ లోగోకీ ఉండేది ట్రేడ్‌మార్క్. పేటెంట్ ఇచ్చేది ఒక వస్తువు పనిచేసే తీరుకి, లేదా దాన్ని తయారుచేసే పద్ధతికి.

నిజానికి అదొక బేరం. కనిపెట్టినవాడు తన గుట్టంతా విప్పి రాసివ్వాలి, ఆ పనిలో చెయ్యి తిరిగినవాడెవడైనా ఆ కాగితం చదివి వస్తువు తయారుచేసేసుకునేంత వివరంగా. దానికి బదులుగా ప్రభుత్వం కొన్నేళ్ళపాటు మిగతావాళ్ళని ఆపే హక్కు ఇస్తుంది. గడువు అయిపోయిందా, ఆ కాగితం ఇక ఊరందరి సొత్తు, ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరైనా అమ్ముకోవచ్చు.

చూశారా, "ఆపే హక్కు" అన్నాను, "తయారుచేసే హక్కు" అన్లేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతుంది, టోస్టర్ దాకా వెళ్ళాక దీని సంగతి చూద్దాం.

గడువు దేశానికో రకం. అప్పట్లో అమెరికాలో పేటెంట్ ఇచ్చిన రోజు నుంచి 17 ఏళ్ళు, బ్రిటన్‌లో, మన దగ్గర 14 ఏళ్ళు. (ఇప్పుడు దాదాపు అంతటా అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి 20.) ఇంకోటి, ఒక దేశం ఇచ్చిన పేటెంట్ ఆ దేశం గడప దాటదు. అమెరికా పేటెంట్ చేతిలో పట్టుకుని లండన్‌లో ఎవర్నీ ఆపలేం.

## అసలు బలం బొమ్మలో ఉండదు, "క్లెయిమ్"లో ఉంటుంది

పేటెంట్ కాగితంలో మూడు భాగాలు. మొదట బొమ్మలు, మనకి ఫార్వర్డ్ అయ్యేవి ఇవే, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కాబట్టి. తర్వాత వివరణ. చివర్లో నంబర్లు వేసి కొన్ని ముక్కు సూటి వాక్యాలు ఉంటాయి, వాటినే క్లెయిమ్స్ అంటారు. పొలం దస్తావేజులో చెక్కుబందీ ఉంటుంది చూడండి, తూర్పున ఫలానా వారి కొబ్బరితోట, పడమర కాలవ గట్టు అని, క్లెయిమ్ అంటే అలాంటిదే. పొలం ఎంత పచ్చగా ఉందన్నది హద్దుల్లో రాయరు. కోర్టుకి కావాల్సింది హద్దే.

దీనికి నాకు తెలిసినంతలో చక్కటి ఉదాహరణ గిల్లెట్ బ్లేడు. కింగ్ గిల్లెట్ అప్పట్లో కూల్‌డ్రింక్ సీసాల రేకు మూత, అదే క్రౌన్ మూత, తయారుచేసే కంపెనీలో సేల్స్‌మన్. ఆ మూత కనిపెట్టిన విలియం పెయింటర్ ఈయనకో సలహా ఇచ్చాడట, జనం వాడి పారేసి మళ్ళీ కొనుక్కునేది ఏదైనా కనిపెట్టవయ్యా అని. గిల్లెట్ చూపు గడ్డం మీద పడింది. 1901 డిసెంబర్‌లో అప్లై చేశాడు, 1904 నవంబర్ 15న పేటెంట్ వచ్చింది, నంబరు 7,75,134.

ఇప్పుడు మీరే చెప్పండి, ఆయన కనిపెట్టింది ఏంటి? "సేఫ్టీ రేజర్" అంటారు చాలామంది. కాదు. చర్మం తెగకుండా ముందు అడ్డు ఉన్న రేజర్ అప్పటికే ఉంది, న్యూయార్క్‌లో కాంప్ఫే సోదరులు 1880లోనే పేటెంట్ తీసుకున్నారు. పోనీ "బ్లేడు" అందామా అంటే కత్తి మనిషంత పాతది. అందుకని గిల్లెట్ క్లెయిమ్‌లో ఏం రాయించాడంటే, నా మాటల్లో: బయటినుంచి ఆధారం ఇస్తే తప్ప అంచు గట్టిగా నిలబడనంత పల్చగా, వంగేలా ఉండే, ఊడదీసి మార్చుకునే రేజర్ బ్లేడు.

ఈ వాక్యాన్ని ముక్కలు చేసి చూద్దాం. ఊడొచ్చేది కావాలి, పల్చనిది కావాలి, వంగేది కావాలి, బిగించేదాకా అంచు దానంతటది నిలబడకూడదు. ఎవడైనా ఈ నాలుగూ ఉన్న బ్లేడు అమ్మితే గిల్లెట్ ఆపగలడు. ఒక్కటి లేకపోయినా ఆపలేడు. అంటే పక్క కంపెనీవాడు కాస్త మందంగా, దానంతటదే గట్టిగా నిలబడే బ్లేడు చేసి, దాన్ని ఊడదీసేలా పెట్టి అమ్మాడనుకోండి, గిల్లెట్ చూస్తూ ఊరుకోవాల్సిందే. అలాంటి మందం బ్లేడు రేజర్లు మార్కెట్లో పక్కపక్కనే హాయిగా అమ్ముడయ్యాయి కూడా. గిల్లెట్ కనిపెట్టింది పల్చదనం అనమాట, ఉక్కు రేకుని అంత పల్చగా చేసి పదును పట్టించడం కుదరదని తెలిసినవాళ్ళే చెప్పిన రోజుల్లో, విలియం నికర్సన్ అనే ఇంజనీర్ కూర్చుని దానికి మిషన్లు తయారుచేశాడు. 1903లో అమ్మిన రేజర్లు మొత్తం 51. మరుసటి ఏడాదికి 90 వేలు దాటాయి.

ఇక్కడో పక్క ముచ్చట. "రేజర్ చవగ్గా ఇచ్చి బ్లేడ్ల మీద లాగడం" అన్న వ్యాపార సూత్రాన్ని గిల్లెట్ పేరు మీదే చెప్తారు కదా, పేటెంట్ నడిచినన్నాళ్ళూ ఆయన చేసింది దానికి రివర్సు. రేజర్ సెట్టు 5 డాలర్లు, అప్పట్లో అదేం చిన్న మొత్తం కాదు. ఆపే హక్కు ఉన్నప్పుడు చవగ్గా ఎందుకిస్తాడు చెప్పండి? 1921లో పేటెంట్ గడువు తీరి పోటీ వస్తుందనగానే పాత మోడల్‌ని ఒక్క డాలర్‌కి దించేశారు.

## గడియారం ఎప్పుడు మొదలైంది: వైపర్ కథ

ఇప్పుడు బాబాయ్ ప్రశ్నకి వద్దాం. 1902 చివర్లో చలికాలం, ఆండర్సన్ న్యూయార్క్ వెళ్ళి ట్రామ్ ఎక్కింది. బయట మంచు కలిసిన వాన. డ్రైవర్‌కి ముందద్దంలోంచి ఏమీ కనపడక, అద్దం తెరిచి, మొహానికి చలి కొట్టించుకుంటూ నడుపుతున్నాడు. ఊరికెళ్ళి ఆవిడ గీయించిందే ఆ బొమ్మ: లోపల పిడి తిప్పితే బయట రబ్బరు అంచున్న చెయ్యి అద్దాన్ని తుడుస్తుంది, అద్దానికి గట్టిగా ఆనుకోడానికి ఒక బరువు. వాతావరణం బాగున్నప్పుడు ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు, బండి అందం చెడదు అని కూడా రాయించింది, ఆ మాట నాకు భలే నచ్చింది, కొనేవాడు ఏమంటాడో ముందే ఊహించిందావిడ.

1905లో మాంట్రియల్‌లోని ఒక కంపెనీకి ఈ పేటెంట్ అమ్మజూపింది. దీనికి వ్యాపార విలువ ఏమంత లేదండీ, మేం తీసుకోలేం అని ఉత్తరం రాశారు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజున కార్లు ఎన్ని? ఫోర్డ్ మోడల్ టీ రావడానికి ఇంకా మూడేళ్ళుంది, అది వచ్చింది 1908లో. కార్లు ఉన్నా అవి నెమ్మదిగా పోయేవి, చాలావాటికి పైకప్పు కూడా లేదు.

17 ఏళ్ళు వేసుకోండి. 1903 నవంబర్ నుంచి 1920 నవంబర్. క్యాడిలాక్ తన కార్లన్నిటికీ వైపర్ కంపెనీ ఫిట్టింగ్‌గా ఇవ్వడం మొదలెట్టింది 1922లో. అప్పటికి పేటెంట్ చచ్చిపోయి రెండేళ్ళు. అంటే ఎవరూ కొట్టెయ్యలేదు, అది అప్పటికే అందరి సొత్తు. గోదారికి నీళ్ళొచ్చేసరికి పంట గడువైపోయినట్టు అయింది ఆవిడ పని. పైగా అదే రోజుల్లో అద్దం తుడిచే ఏర్పాట్లకి వేరేవాళ్ళూ పేటెంట్లు తీసుకున్నారు కాబట్టి, గడువు ఉన్నా కూడా ప్రతి వైపరూ ఆవిడ క్లెయిమ్ హద్దుల్లోకి వస్తుందని గ్యారంటీ ఏమీ లేదు. 2011లో అమెరికాలో జాతీయ ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆవిడ పేరు చేర్చారు. ఆవిడ పోయింది 1953లో.

## "మొదట కనిపెట్టింది ఎవరు?" అన్నది పేటెంట్‌ని అడగాల్సిన ప్రశ్న కాదు

వాక్యూమ్ క్లీనర్ తీసుకుంటే ఇంకా చిక్కు. ఎవరు కనిపెట్టారు అని వెతికితే ఒక్కో చోట ఒక్కో పేరు దొరుకుతుంది, అన్నీ ఒక రకంగా కరెక్టే.

1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీర్ ఒక డెమో చూశాడు, గాలి ఊది దుమ్ము లేపే మిషన్. ఊదడం కాదు, పీలిస్తే? హోటల్లో కుర్చీ గుడ్డ మీద చేతిరుమాలు పరిచి, నోటితో గట్టిగా పీల్చి చూశాడు, రుమాలుకి అవతలి వైపు నల్లటి మచ్చ. అంతే, అదే ఏడాది పేటెంట్. కానీ ఆయన మిషన్ ఇంట్లో పెట్టుకునేది కాదు, గుర్రబ్బండి మీద ఇంజనంత సైజుది, రోడ్డు మీద ఆపి కిటికీల్లోంచి పొడుగాటి గొట్టాలు లోపలికి వేసేవాళ్ళు. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ ఏబీలో తివాచీలు శుభ్రం చేసింది అదే.

అటు అమెరికాలో ఒహాయో రాష్ట్రం క్యాంటన్ ఊళ్ళో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అని, ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఆయాసం మనిషి. ఊడ్చినప్పుడల్లా దగ్గు. ఒక ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, దుమ్ము పట్టడానికి దిండు గలీబు, వీటితో తనకి తనే ఒకటి చేసుకున్నాడు. పేటెంట్ 1908 జూన్ 2న, నంబరు 8,89,823. సొంతంగా అమ్మే శక్తి లేక, ఒకటి కొనుక్కున్న సూసన్ హూవర్ అనే ఆవిడ భర్త విలియం హూవర్‌కి పేటెంట్ ఇచ్చేశాడు. ఇవాళ బ్రిటన్‌లో ఇల్లు ఊడ్చడాన్ని "హూవరింగ్" అంటారు. బూత్ దేశంలో, స్పాంగ్లర్ కనిపెట్టినదానికి, కొన్నవాడి పేరు.

స్పాంగ్లర్‌కి అన్యాయం జరిగిందా? నేనైతే అనుకోను. పేటెంట్ అంటే ఆస్తి, పొలంలాగే అమ్మొచ్చు, కౌలుకివ్వొచ్చు. మొత్తం రాసిచ్చేస్తే దాన్ని అసైన్‌మెంట్ అంటారు, వాడుకోడానికి మాత్రం ఒప్పుకుంటే లైసెన్స్. ఊడ్చేవాడి బుర్రలో ఉన్నది ఆస్తిగా మారి, దానికో కొనేవాడు దొరికాడంటే, ఆ కాగితమే కారణం. అమెరికాలో ఫీజు కూడా అప్పట్లో అప్లికేషన్‌కి 15, మంజూరుకి 20, మొత్తం 35 డాలర్లు. లాయరు ఖర్చు వేరే అనుకోండి.

## పేటెంట్ ఉన్నా తయారుచెయ్యలేకపోవడం

ఇందాక చెప్పిన టోస్టర్ సంగతి. కరెంటుతో బ్రెడ్డు కాల్చాలంటే తీగె ఎర్రగా కాలాలి, అయినా తెగిపోకూడదు, గాలి తగిలి పెళుసెక్కకూడదు. ఇనప తీగె అలా ఎన్నాళ్ళో నిలవదు. 1906 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ మార్ష్ అనే ఆయనకి నికెల్, క్రోమియం కలిపిన లోహానికి పేటెంట్ వచ్చింది, నంబరు 8,11,859. అదే నిక్రోమ్. ఇవాళ మన హాస్టల్ కుర్రాళ్ళు దాచిపెట్టుకునే కాయిల్ స్టవ్‌లో తిరిగిన స్ప్రింగు తీగె అదే జాతి.

జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1909లో టోస్టర్ తెచ్చింది, దాని రూపకర్త ఫ్రాంక్ షేలర్ పేరు మీద 1910లో పేటెంట్ కూడా వచ్చింది. మరి ఆ పేటెంట్ ఉందిగా అని లోపల తీగె ఏది పడితే అది పెట్టెయ్యొచ్చా? మార్ష్ క్లెయిమ్ హద్దుల్లోకి వచ్చే తీగె పెడితే, మార్ష్ పేటెంట్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళు ఆపొచ్చు. ఈ లోహం గొడవ కోర్టుకెక్కి, చివరికి మార్ష్ పేటెంటే నిలబడింది.

ఇంకా సులువుగా, ఊరికే ఊహించుకుందాం. మీరు చేత్తో తిప్పే పచ్చడి రుబ్బే మిషన్ ఒకటి కనిపెట్టి పేటెంట్ తీసుకున్నారు. నేను దానికి పొత్రం ఆగకుండా చూసే స్ప్రింగు ఒకటి కలిపి, ఆ స్ప్రింగు ఏర్పాటుకి పేటెంట్ తీసుకున్నాను. ఇప్పుడు నా స్ప్రింగు మిషన్ నేను అమ్మలేను, లోపల మీ మిషన్ ఉంది కాబట్టి. మీరూ స్ప్రింగు పెట్టి అమ్మలేరు, అది నాది కాబట్టి. ఇద్దరం కూర్చుని మాట్లాడుకోవాలి, లేదా ఇద్దరం చేతులు ముడుచుకుని మీ గడువు తీరేదాకా ఆగాలి. మెరుగుదలకి కూడా పేటెంట్ ఇస్తారు, కానీ అది కింద ఉన్న పేటెంట్‌ని మాయం చెయ్యదు.

జిప్ కథ ఈ మెరుగుదల బాపతే. విట్‌కూంబ్ జడ్సన్ 1893లో కొక్కేలు వరసగా పట్టేసే ఏర్పాటుకి పేటెంట్లు తీసుకున్నాడు, పాపం అది ఎప్పుడు పడితే అప్పుడు ఊడిపోయేది, ఎక్కడ ఊడిపోతే పరువు పోతుందో అక్కడ. ఆ కంపెనీలో పనిచేసిన స్వీడన్ ఇంజనీర్ గిడియన్ సండ్‌బాక్ పళ్ళన్నీ ఒకే అచ్చులో చేశాడు, ప్రతి పంటికీ ఒక పక్క బుడిపె, ఇంకో పక్క గుంట. ఇప్పుడు మీ బ్యాగు జిప్ దగ్గరగా పెట్టుకుని చూడండి, లోహపు జిప్ అయితే ఆ బుడిపె, గుంట కనిపిస్తాయి. పై పంటి గుంటలో కింది పంటి బుడిపె కూర్చుంటుంది, మధ్యలో ఒక్కదాన్ని పట్టుకుని లాగితే రాదు, స్లైడర్ వంచితేనే వదులుతుంది. పేటెంట్ 1917 మార్చి 20, నంబరు 12,19,881. "జిప్పర్" అన్న పేరు మాత్రం 1923లో బూట్లు అమ్ముకోడానికి గుడ్రిచ్ రబ్బరు కంపెనీ పెట్టింది, అది ట్రేడ్‌మార్క్ సరుకు. మనకి వనస్పతి అంతా డాల్డా, ఫొటోకాపీ అంతా జెరాక్స్ అయినట్టు ఆ పేరూ జనం నోట్లో పడి మామూలు మాటైపోయింది.

## కాగితం టోల్‌గేట్ అయితే: సెల్డెన్, ఫోర్డ్

ఇప్పటిదాకా చెప్పినవాళ్ళు ఏదో ఒకటి చేసినవాళ్ళు. జార్జ్ సెల్డెన్ వేరే రకం, ఆయన పేటెంట్ లాయరు. 1879లో పెట్రోలు ఇంజన్‌తో నడిచే బండికి అప్లికేషన్ పెట్టి, గడియారం పేటెంట్ ఇచ్చిన రోజునుంచే మొదలవుతుంది కదా అని, అడిగిన ప్రతిసారీ చిన్న చిన్న సవరణలు చేస్తూ 16 ఏళ్ళు నాన్చాడు. 1895లో తీసుకున్నాడు. ఆండర్సన్ తొందరపడి నష్టపోయింది, ఈయన ఆలస్యం చేసి లాభపడ్డాడు, రూలు ఒకటే.

ఈ పేటెంట్ పట్టుకుని కార్ల కంపెనీలు కొన్ని 1903లో ఒక సంఘం పెట్టి, ప్రతి కారు మీదా 1.25 శాతం రాయల్టీ వసూలు చేశాయి. హెన్రీ ఫోర్డ్ కట్టనన్నాడు. లైసెన్స్ లేని కారు కొంటే కారుతో పాటు కోర్టు కేసు కూడా కొన్నట్టే అని జనాన్ని బెదిరిస్తూ పేపర్లలో ప్రకటనలు వేశారు, ఫోర్డ్ తన కార్లు కొన్నవాళ్ళకి నష్టపరిహారం బాండు ఇస్తానన్నాడు. 1909లో కింది కోర్టులో ఫోర్డ్ ఓడిపోయాడు. 1911 జనవరిలో పై కోర్టు ఏమందంటే, సెల్డెన్ పేటెంట్ చెల్లుతుంది, కానీ అది బ్రేటన్ రకం ఇంజన్ ఉన్న బండికే, ఫోర్డ్ వాడేది ఆటో రకం ఇంజన్, కాబట్టి హద్దు దాటలేదు. (ఈ ఆటో మన ఆటో కాదు, నికోలస్ ఆటో అనే జర్మన్ పేరు.) మళ్ళీ అదే, చెక్కుబందీ. దేశంలో కార్లన్నీ నావే అన్నట్టు నడిచిన కాగితం, హద్దులు కొలిచి చూస్తే, దాదాపు ఎవరూ వాడని ఇంజన్ చుట్టూ ఉన్న కాస్త జాగా.

## దేశానికో పద్ధతి, మనకో పద్ధతి

అమెరికాలో 1836 నుంచీ, జర్మనీలో 1877 నుంచీ ఇది నిజంగా కొత్తదేనా అని ఆఫీసు పరీక్షించాకే పేటెంట్ ఇచ్చేవాళ్ళు. బ్రిటన్‌లో అలా కాదు, ఫారం సరిగ్గా నింపారా లేదా అన్నదే చూసేవాళ్ళు, కొత్తదా పాతదా అన్నది తర్వాత కోర్టులో తేల్చుకోండి అన్నట్టు. 1901లో ఒక కమిటీ శాంపిల్ తీసి చూస్తే దాదాపు 42 శాతం పేటెంట్లు అంతకుముందే ఎవరో పూర్తిగానో కొంతో చెప్పేసినవని తేలింది. 1902లో చట్టం మార్చి, 1905 నుంచి వెతికి చూడ్డం మొదలెట్టారు. కాబట్టి 1901 నాటి బ్రిటిష్ పేటెంట్ నంబరు చూపించి "ఇదే ప్రపంచంలో మొదటిది" అనేవాళ్ళని కాస్త అనుమానంగా చూడండి.

జర్మనీలో ఇంకో చిన్న మెట్టు ఉండేది, 1891లో పెట్టారు. చిన్నపాటి ఉపయోగకరమైన మార్పులకి లోతైన పరీక్ష లేకుండా రిజిస్టర్ చేసుకోవడం, మూడేళ్ళు, పొడిగిస్తే ఇంకో మూడేళ్ళు. డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్స్ అనే గృహిణి, కాఫీలో మడ్డి నోటికి తగులుతోందని విసుగొచ్చి, ఇత్తడి గిన్నెకి మేకుతో చిల్లులు కొట్టి, అందులో కొడుకు స్కూలు పుస్తకంలోంచి చింపిన బ్లాటింగ్ పేపరు పరిచి వడగట్టింది. 1908 జూలైలో ఆవిడకి వచ్చింది ఈ చిన్న మెట్టు రక్షణే. 73 ఫెనిగ్‌లు, అంటే చిల్లర డబ్బులు, పెట్టుబడితో కంపెనీ పెట్టింది, అది ఇప్పటికీ నడుస్తోంది. ఇండియాలో ఈ చిన్న మెట్టు ఇవాళ్టికీ లేదు.

మన దేశంలో మొట్టమొదటి పేటెంట్ 1856లో, కలకత్తాలో జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెనింగ్ అనే ఆయనకి. దేనికనుకుంటున్నారు? పంకా లాగే మిషన్. దొరల ఇళ్ళల్లో పైకప్పుకి వేలాడే గుడ్డ పంకాని తాడుతో లాగుతూ ఒక మనిషి కూర్చునేవాడు, ఆ మనిషి బదులు మిషన్. అటూ ఇటూ చాలా చట్టాలు మారాక 1911లో ఇండియన్ పేటెంట్స్ అండ్ డిజైన్స్ చట్టం వచ్చింది, కంట్రోలర్ అనే పదవి పెట్టారు, గడువు 14 ఏళ్ళు, 1930లో దాన్ని 16 చేశారు. అది బ్రిటిష్ ఇండియాకే వర్తించేది. అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బెజవాడలో ఆ చట్టం ఉంది, నిజాం ఏలుబడిలో ఉన్న వరంగల్‌లో లేదు, మధ్యలో నాలుగు గంటల రైలు ప్రయాణం.

మనవాళ్ళు లేరా అంటే ఉన్నారు. జగదీశ్ చంద్ర బోస్ రేడియో తరంగాలు పట్టే పరికరానికి 1904లో అమెరికా పేటెంట్ వచ్చింది, 7,55,840, ఆయనకి అసలు పేటెంట్లంటేనే పడదు, సారా బుల్ అనే స్నేహితురాలు పట్టుబట్టి వేయించింది. బొంబాయి నుంచి లండన్ వెళ్ళిన శంకర్ ఆబాజీ భిసే అచ్చు అక్షరాలు పోత పోసే మిషన్ కోసం జీవితం ధారపోశాడు, దాదాభాయ్ నౌరోజీ అండగా నిలబడ్డాడు. కోయంబత్తూరులో తెలుగు ఇంట పుట్టిన జీ.డీ. నాయుడు 1930లలో రసంట్ అనే చిన్న ఎలక్ట్రిక్ రేజర్ చేశాడు. కానీ మొత్తంగా చూస్తే 1911 చట్టం కింద ఎక్కువ పేటెంట్లు విదేశీ కంపెనీలవే, వాటిల్లో చాలావాటితో ఇక్కడ ఒక్క మేకు కూడా తయారుచెయ్యలేదు. స్వాతంత్ర్యం తర్వాత వేసిన కమిటీలు తేల్చింది ఇదే, 1970లో కొత్త చట్టం రావడానికి ఇదొక పెద్ద కారణం.

## ఇంతకీ పేటెంట్లు మేలు చేశాయా, కీడా?

మేలే అనేవాళ్ళు స్పాంగ్లర్‌ని చూపిస్తారు. డబ్బూ పలుకుబడీ లేనివాడి చేతిలో అమ్ముకోగలిగే కాగితం పెట్టింది ఆ చట్టం, అదే లేకపోతే హూవర్ ఆ మిషన్ చూసి, సొంతంగా ఒకటి చేయించేసుకునేవాడు, ఊడ్చేవాడికి ఒక థాంక్స్ చెప్పి. పైగా గుట్టంతా రాసివ్వాలన్న షరతు వల్లే ఇవాళ మనం ఆండర్సన్ బొమ్మ చూడగలుగుతున్నాం.

కీడు అనేవాళ్ళ దగ్గర సెల్డెన్ ఉన్నాడు, విమానాల గొడవ ఉంది. రైట్ సోదరుల 1906 పేటెంట్ మీద అమెరికాలో కేసుల మీద కేసులు నడిచి, చివరికి 1917లో యుద్ధం తరుముకొస్తే ప్రభుత్వం పూనుకుని కంపెనీలన్నిటితో పేటెంట్లు ఒకచోట పోయించింది, అప్పటికి యూరప్ విమానాలు ముందుకెళ్ళిపోయాయి. వాళ్ళు చెప్పే ఇంకో బలమైన ఉదాహరణ నెదర్లాండ్స్. 1869 నుంచి 1912 దాకా ఆ దేశంలో అసలు పేటెంట్ చట్టమే లేదు. ఆ సందులోనే, 1891లో, ఐంటోవెన్‌లో ఫిలిప్స్ కంపెనీ బల్బులు చెయ్యడం మొదలెట్టింది, పరాయివాళ్ళ పేటెంట్ల భయం లేకుండా.

దీనికి అవతలివాళ్ళ జవాబు, ఫిలిప్స్ వాడుకున్న బల్బు పేటెంట్లు ఉన్న దేశాల్లో పుట్టింది, చిన్న దేశం కాబట్టి పక్కవాడి తోటలో కోసుకుని బతికింది, అందరూ అలా చేస్తే తోట వేసేవాడెవడు అని. ఇవతలివాళ్ళు ఊరుకుంటారా, అమెరికా కూడా తన చిన్నప్పుడు బ్రిటన్ మిషన్లు ఎత్తుకొచ్చే ఎదిగిందిగా అంటారు. నాకు చూడగా ఇంటి సామాను వరకూ మొదటివాళ్ళ వాదనకే మొగ్గు ఉంది, బ్లేడుకీ జిప్‌కీ పక్కదారులు దొరికాయి కాబట్టి. కారు, విమానం లాంటి వంద భాగాల మిషన్ దగ్గర రెండోవాళ్ళ మాట వినాలి, అక్కడ ఒక్క కాగితం దారంతా మూసెయ్యగలదు.

ఇదంతా మా బాబాయ్‌కి నాలుగు వాయిస్ మెసేజ్‌లుగా చెప్పాను. రెండు విన్నాడు, ఆ టిక్కులు చూస్తే తెలుస్తుందిగా. వెంటనే ఇంకో ఫార్వర్డ్ పంపాడు: 1899లో అమెరికా పేటెంట్ ఆఫీసు కమిషనర్ చార్లెస్ డ్యూయెల్ "కనిపెట్టాల్సినవన్నీ కనిపెట్టేశారు, ఇక ఆఫీసు మూసెయ్యొచ్చు" అన్నాడట. అదీ ఉత్తదే, ఆయన అలా అనలేదు, ఆ ఏడాది రిపోర్టులో పేటెంట్లు పెరుగుతున్నాయనే రాశాడు. అదే ఆఫీసు పన్నెండేళ్ళ తర్వాత, 1911 ఆగస్టు 8న, పది లక్షలో నంబరు పేటెంట్ ఇచ్చింది, ఒహాయోలోని ఏక్రన్ ఊరి ఫ్రాన్సిస్ హోల్టన్‌కి, బండి టైరుకి.